పెద్దమనిషి కాని పిల్ల: టర్నర్ లక్షణమును గూర్చి

నంద్యాల దాపున గల ఒక పల్లె నుండి మా కేంద్రమునకు ఒక జాబు వచ్చినది. వ్రాసినది ఒక తల్లి; వ్రాయించినదనుట సరి, ఏలయన అక్షరములు బడిపిల్లవానివి. ఆమె కూతునకు పదునారేండ్లు నిండినవి. చదువులో ముందున్నది, పనిపాటలలో చురుకైనది. కాని పదేండ్ల తమ్ముని ప్రక్క నిలిచినచో ఇద్దరును ఒకే ఎత్తు, ఇంకను పెద్దమనిషి కాలేదు. తోడి పిల్లలకు సమర్తలు జరిగి పేరంటమునకు పిలుపు వచ్చినపుడెల్ల ఈ పిల్ల ఏదో వంక చెప్పి ఇంటనే ఉండిపోవుచున్నదట. మేనబావను చేసికొనుట చేత ఇట్లయినదని ఊరివారనుచున్నారు. తల్లి కడుపులోనే దోషమున్నదని ఆడబిడ్డ అనుచున్నది. మహానందికి మొక్కినారు, కడప పెద్ద దర్గాకు పోయి వచ్చినారు. ఇప్పుడొక సంబంధము వారు అడుగుచున్నారు. పదునెనిమిది నిండగానే పెండ్లి చేసినచో ఒళ్లు తిరుగుననియు, అన్నియు అవే సర్దుకొనుననియు పెద్దలు చెప్పుచున్నారు. ఆ తల్లి అడిగినవి రెండే ప్రశ్నలు. ఇందులో తన తప్పేమైన ఉన్నదా? పెండ్లి చేసినచో బాగగునా?

జాబు చూచి వ్యాధి నిర్ణయించుటకు మేము వైద్యులము కాము. వైద్యులైనను జాబు చూచి నిర్ణయింపరు. ఆడపిల్ల ఎదుగకుండుటకును, ఈడేరకుండుటకును కారణములు పెక్కులు. చాలినంత తిండి లేకపోవుట, దీర్ఘకాలపు జబ్బులు, థైరాయిడ్ గ్రంథి మాంద్యము, వంశములోనే ఆలస్యముగ ఎదుగు స్వభావము, ఇవన్నియు అందులోనివే. అయితే వీనితోపాటు చెప్పవలసిన కారణమొకటి కలదు. దానిని గూర్చి మన పల్లెలలో ఎవరైన మాటాడుట మేము వినలేదు. మేమును మాటాడలేదు. కొన్ని ఏండ్ల క్రిందట పిల్లల ఎదుగుదలను గూర్చి మేమే ఒక ప్రసంగమును సిద్ధపరచితిమి. రాగి సంగటి, బుడ్డలు, ఆకుకూరలు, నులిపురుగుల మందు, అన్నియు చెప్పితిమి. ఇవన్నియు తినుచు, ఏ జబ్బును లేక, అయినను ఎదుగని ఆడపిల్ల సంగతేమని అందులో ఒక్క వాక్యమైనను లేదు. ఆ లోపము మాది. ఈ ప్రసంగము కొంతవరకు దానికి దిద్దుబాటు.

ఆ కారణమునకు టర్నర్ లక్షణమని పేరు. వైద్యులు టర్నర్ సిండ్రోమందురు. ఇది ఆడపిల్లలకు మాత్రమే కలుగును. సజీవముగ పుట్టిన ఆడశిశువులలో సుమారు 2,000 మొదలు 2,500 మందికి ఒకరియందు ఇది ఉండునని పలు దేశముల లెక్కలు చెప్పుచున్నవి. 2011 జనాభా లెక్కలనాటికి అప్పటి కర్నూలు జిల్లాలో 40 లక్షలకు పైగా, కడప జిల్లాలో 28 లక్షలకు పైగా జనులుండిరి. (2022లో వీనిలోని కొన్ని భాగములు నంద్యాల, అన్నమయ్య జిల్లాలలో చేరినవి.) అందులో స్త్రీలు సుమారు 34 లక్షలు. 2,500 మందికి ఒకరు చొప్పున భాగించి చూచినచో, ఈ నేలపై ఇట్టివారు 1,300 మందికి పైగా ఉండవలెను. ఇది కాగితము మీది భాగహారమే గాని ఎవరును ఇల్లిల్లు తిరిగి లెక్కించినది కాదు. అయినను, తమ పొట్టితనమునకు ఒక పేరున్నదని తెలియకయే బ్రదుకు వెళ్లబుచ్చినవారు ఇందులో ఎందరో అను తలపు మమ్ము కలచివేయుచున్నది.

మన శరీరము కోటానుకోట్ల కణములతో కట్టబడినది. కణము నడుమ కేంద్రకము, అందులో నూలుపోగుల వంటి క్రోమోజోములు. తల్లినుండి 23, తండ్రినుండి 23, వెరసి 46. ఇందులో 22 జతలు స్త్రీ పురుషులకు సమానము. 23వ జత లింగమును నిర్ణయించునది. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషునకు ఒక ఎక్స్, ఒక వై. అండమో, వీర్యకణమో తయారగునపుడు ఈ జతలు విడిపోయి సగము సగము పంచుకొనవలెను. ఆ పంపకములో ఒక్కొక్కసారి పొరపాటు జరిగి ఒక క్రోమోజోము జారిపోవును. లేదా పిండము ఏర్పడిన పిదప తొలి విభజనలలో జారిపోవును. అట్టి పిండమునకు 46కు బదులు 45 మాత్రమే మిగులును. శాస్త్రజ్ఞులు దీనిని 45, ఎక్స్ అని వ్రాయుదురు. ఇట్టి పిండములలో నూటికి తొంబదితొమ్మిది తల్లి కడుపులోనే జారిపోవుచున్నవి. భూమిమీద పడి, పాలు త్రాగి, బడికి పోవుచున్న పిల్ల ఆ నూటిలో నిలిచిన ఒక్కతె.

ఈ లక్షణము గలవారిలో సుమారు సగము మందికి పరీక్షించిన కణములన్నింటను ఇట్లే ఉండును. తక్కినవారిలో కొందరికి కొన్ని కణములలో 45, కొన్నింట 46 ఉండును. రంగురంగుల రాళ్లు కలిపి పరచిన నేలవలె ఉండుటచే దీనికి మొజాయిక్ అని పేరు. మరికొందరికి రెండవ ఎక్స్ ఉండును గాని ముక్క విరిగియో, ఉంగరమువలె చుట్టుకొనియో ఉండును. అందుచేతనే ఒక పిల్లలో కానవచ్చిన గుర్తులు మరియొక పిల్లలో కానరావు. కొందరికి పొట్టితనము తప్ప పైకి మరేమియు తెలియదు.

ఇక ఆ తల్లి మొదటి ప్రశ్నకు వత్తము. ఇందులో ఆమె తప్పు లేదు. 45, ఎక్స్ గల పిల్లలను పరీక్షించినపుడు, మూడింట రెండు వంతులకు పైగా పిల్లలలో మిగిలియున్న ఎక్స్ తల్లి ఇచ్చినదేయని తేలినది. జారిపోయినది తండ్రి వైపునుండి రావలసినది. దీనిని పట్టుకొని ఇకమీదట తండ్రిని నిందింపుడని మేము చెప్పుట లేదు. ఏ తల్లియు, ఏ తండ్రియు చేసినదానివలనగాని, చేయనిదానివలనగాని ఇది జరుగదు. గ్రహణము చూచుట వలన జరుగదు. డౌన్ లక్షణము వలె తల్లి వయస్సు ముదిరిన కొలది హెచ్చునది కూడ కాదు. ఒక బిడ్డకు కలిగినంత మాత్రమున తరువాతి బిడ్డకు కలుగునను భయము చాల స్వల్పము.

మేనరికము మాట వేరుగ చెప్పవలెను, ఏలయన మన సీమలో ఆడపిల్లకు ఏమి లోపము కానవచ్చినను మొదట దానిమీదనే పడుదురు. మేనరికపు వివాహములను గూర్చి శాస్త్రీయముగ పరిశీలించినవారిలో మన తెలుగువారు ముందున్నారు. జె. బి. ఎస్. హాల్డేన్ పండితుడు 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడినపుడు ఆయన శిష్యులైన వారిలో ద్రోణంరాజు కృష్ణారావుగారొకరు. ఆయనయు, మీరా ఖాన్ గారును కలిసి ఆంధ్రప్రదేశమున రక్తసంబంధపు వివాహములెన్ని, వాని ఫలితములెట్టివి అను విషయముపై 1963లో ఒక పరిశోధన వ్యాసమును ప్రకటించిరి. మేనరికమువలన ప్రమాదము హెచ్చునవి ఒక తెగ వ్యాధులు. ఒకే తాతనుండి దిగివచ్చిన దాగియున్న జన్యులోపము అటు తల్లినుండియు, ఇటు తండ్రినుండియు బిడ్డకు చేరి జతపడినపుడు అవి బయటపడును. టర్నర్ లక్షణము అట్టిది కాదు. ఇక్కడ దాగియున్న లోపము జతపడుట లేదు. జతలో ఒకటి లేకుండ పోవుచున్నది. పరాయి కులము వారినిగాని, పరాయి దేశము వారినిగాని పెండ్లాడినను ఇది ఇంతే. మేనరికములను సమర్థించుట మా ఉద్దేశము కాదు. కాని చేయని నేరమును దానికి అంటగట్టి, ఒక ఇల్లాలిని ఏండ్ల తరబడి కుమిలిపోవునట్లు చేయుట న్యాయము కాదు.

ఈ లక్షణమునకు తన పేరు ఇచ్చిన హెన్రీ టర్నర్ అమెరికాలోని ఓక్లహోమాలో వైద్యుడు. పొట్టిగ ఉండి, ఈడేరక, మెడకు ఇరువైపుల చర్మము రెక్కలవలె సాగి, మోచేతులు బయటికి వంగియున్న ఏడుగురు యువతులను గూర్చి ఆయన 1938లో వ్రాసెను. ఆయనకంటె ముందే జర్మనీలో ఉల్‌రిచ్ 1930లోను, రష్యాలో షెరెషెవ్‌స్కీ 1925లోను ఇట్టి పిల్లలను చూచి వ్రాసియుండిరి. నేటికిని ఆయా దేశములవారు తమ వైద్యుని పేరు కూడ చేర్చియే పిలుతురు. పేరు విషయమున పంతము పండితులకును తప్పదు గాబోలు. లోపము మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథిలో ఉన్నదని టర్నర్ అనుకొనెను. అది సరికాదు. లోపము అండాశయములో ఉన్నదని తరువాతివారు కనుగొనిరి. అండాశయమున లోపమెందుకు వచ్చినదో అప్పటికి ఎవరికిని తెలియదు.

తెలియుటకు దారి చూపినది ఒక పిల్లి. 1949లో కెనడాలో మర్రే బార్, ఆయన శిష్యుడు బెర్‌ట్రామ్ పిల్లుల నరముల కణములను సూక్ష్మదర్శినిలో చూచుచుండగ, ఆడపిల్లుల కణములలో ఒక చిన్న నల్లని చుక్క కానవచ్చెను; మగపిల్లుల కణములలో అది లేదు. మనుష్యులలోను అంతే. దానికి బార్ చుక్క అని పేరు నిలిచినది. చెంప లోపలి చర్మమును కొద్దిగ గీకి చూచిన చాలు, ఆ చుక్క ఉన్నదీ లేనిదీ తెలియును. 1954లో ఇంగ్లండులో పోలని, అమెరికాలో విల్కిన్స్ టర్నర్ లక్షణము గల పిల్లల కణములలో ఆ చుక్క కొరకు వెదకిరి. వారిలో పెక్కుమందికి ఆ చుక్క లేదు! దానితో కొందరు తొందరపడి, ఈ పిల్లలు చూచుటకు ఆడువారే గాని నిజమునకు మగవారని వ్యాఖ్యానించిరి. శాస్త్రము తప్పటడుగు వేసిన సందర్భములలో ఇది యొకటి. ఆ మాట విన్న ఆడపిల్ల మనస్సు ఏమైయుండునో ఊహించుటయే కష్టము.

ఆ తప్పు దిద్దబడుటకు మొదట క్రోమోజోములను సరిగ లెక్కించుట రావలసియుండెను. మనుష్యునకు 48 క్రోమోజోములని 1923 నుండి ముప్పది ఏండ్లకు పైగ ప్రపంచమంతయు నమ్మినది. జావాలో పుట్టిన జో హిన్ చియో స్వీడన్ దేశములోని లుండ్ నగరమున లెవాన్‌తో కలిసి లెక్కించి, 46 మాత్రమేనని 1956లో ప్రకటించెను. మరుసటి ఏడు, 1957లో, మన కర్నూలులో వైద్యకళాశాల వెలసినది. అనగా అందు చేరిన మొదటి విద్యార్థులు క్రోమోజోముల సరియైన లెక్క తెలిసిన తొలి తరమువారన్నమాట. 1959లో ఇంగ్లండులో ఫోర్డ్, పోలని మొదలగువారు పదునాలుగేండ్ల పిల్ల ఎముకల మూలుగులోని కణములను పరీక్షించి, ఆమెకు 45 క్రోమోజోములే ఉన్నవనియు, ఎక్స్ ఒక్కటియే ఉన్నదనియు, వై లేనే లేదనియు చూపిరి. ఆమె మగవాడు కాదు. ఒక ఎక్స్ తక్కువైన ఆడపిల్ల. డౌన్ లక్షణమునకు మూలమును, మగవారిలో ఎక్స్ ఒకటి ఎక్కువగు క్లైన్‌ఫెల్టర్ లక్షణమునకు మూలమును వెల్లడి చేసిన పరిశోధనలు కూడ ఆ ఏటివే.

ఇక్కడొక చిక్కు ప్రశ్న పుట్టును. మగవానికి ఉన్నది ఒక్క ఎక్సే గదా, అతడు సుఖముగనే ఉన్నాడు గదా, ఆడపిల్లకు ఒకటి చాలకపోవుటేమి? 1961లో మేరీ లియాన్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞురాలు ఈ చిక్కును మరింత బిగించెను. స్త్రీకి గల రెండు ఎక్స్‌లలో ఒకటి ప్రతి కణమునందును ముడుచుకొని నిద్రపోవునని ఆమె చెప్పెను. బార్ చుక్క యనునది అట్లు ముడుచుకొన్న ఎక్సే. మన వీధులలో తిరుగు నలుపు, గోధుమ మచ్చల పిల్లి ఉన్నది చూడుడు, అది దాదాపు ఎల్లప్పుడు ఆడపిల్లియే. ఒక మచ్చలో తల్లి ఎక్స్ మేల్కొని ఉన్నది, మరియొక మచ్చలో తండ్రి ఎక్స్.

మా ఊళ్లలో పెద్ద ఇండ్లకు రెండు బావులుండెడివి. ఒకటి వాడుకకు, రెండవదానికి మూత. మూత వేసినను దాని ప్రక్క గండినుండి పెరటి చెట్లకు కొంత నీరు పారుచునే ఉండును. రెండవ ఎక్స్ అట్టిది. నిద్రపోయినదను మాటయే గాని, దానియందలి జన్యువులలో ఆరింట ఏడింట ఒక వంతు మెలకువగనే ఉండి పని చేయుచుండును. అందులో ఒకదానిని 1997లో గుర్తించిరి; షాక్స్ అని దాని పేరు. ఎముకలు పొడవుగ పెరుగుటకు అది రెండు మోతాదులలో కావలెను. మగవానికి వై కొసన దాని జోడు కలదు గనుక లోటు లేదు. ఒక్క ఎక్స్ గల పిల్లకు ఒకటే మోతాదు. పొట్టితనమునకు ముఖ్య కారణమిదియే. ఇట్లే అండాశయము నిలుచుటకును రెండు ఎక్స్‌లు కావలెను. ఈ పిల్లలకు తల్లి గర్భములో ఉన్నపుడు అండములు ఏర్పడును గాని, అవి త్వరత్వరగ క్షీణించి, అధికులలో ఈడు రాకమునుపే అడుగంటును. అండాశయము లేనిచోట ఈస్ట్రోజన్ ఊరదు. ఈస్ట్రోజన్ లేనిచోట ఒంటిలో యౌవనపు మార్పులు రావు. పెండ్లి చేసినచో ఒళ్లు తిరుగునా అను రెండవ ప్రశ్నకు ఇదే సమాధానము. లేని హార్మోను పెండ్లివలన ఊరదు. మందుగ ఇయ్యవలెను.

గుర్తించుట ఎట్లు? కొందరు శిశువులు పుట్టినపుడే పాదములు, చేతుల వెనుక భాగములు ఉబ్బియుండును. మెడ చర్మము వదులుగ ఉండును. మంత్రసానులు దీనిని నీరు పట్టినదని తోసివేసెడివారు. కొన్ని నెలలకు ఆ వాపు తగ్గిపోవుటచే అందరును మరచిపోదురు. తరువాత మాటిమాటికి చెవి కారుట, వెనుక జుట్టు మెడమీద క్రిందివరకు దిగియుండుట, మోచేతులు బయటికి వంగుట, నాలుగవ వ్రేలి కణుపు కురుచయగుట కానవచ్చును. వీనియన్నింటికంటె నమ్మదగిన గుర్తు ఎదుగుదల. నాలుగేండ్లు దాటిన పిల్ల ఏటికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగును. ఏటికి 4 సెంటీమీటర్లయిన పెరుగనిచో కారణము వెదకవలెను. దీనికి యంత్రములక్కరలేదు. ప్రతి ఉగాదికి పిల్లను ద్వారబంధమునకు ఆనించి నిలిపి తలపై ఒక బొగ్గు గీత గీసిన చాలును. మా ఇంట మా తాతగారు అట్లే గీసెడివారు. ఆ గీతలు సున్నముతో పోయినవిగాని అలవాటు మంచిది.

మన నేలలో చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. ఇది వాన చాలని సీమ. పొట్టిగ, సన్నగ ఉన్న పిల్లను చూచినచో కరువు గుర్తు వచ్చును గాని క్రోమోజోము గుర్తు రాదు. తల్లియు పొట్టిదే గదా అందురు. తిండి లేమిచే ఎదుగని పిల్లలో సాధారణముగ ఎత్తుకు ముందు బరువు తగ్గును. టర్నర్ లక్షణము గల పిల్ల ఎత్తుకు తగిన బరువుండును, ఒక్కొక్కపుడు కొంచెము బొద్దుగనే ఉండును. ఒకే ఇంట, ఒకే కుండలోని సంగటి తినిన అక్కచెల్లెండ్రలో ఒకతె మాత్రమే ఆగిపోయినచో సంగటిని అనుమానించుట వృథా. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకును, ప్రభుత్వ బడులకును వైద్య బృందములు వచ్చి పిల్లలను పరీక్షించుచున్నవి. ఆ దినమున పిల్లను పనికి పంపక బడికి పంపవలెను. ఎత్తు చూచినపుడు అంతకుముందటి ఎత్తు ఎంతయని అడుగవలెను.

పొట్టితనమును మించిన సంగతి గుండె. దీనిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను, ఏలయన ప్రాణముతో పని ఇక్కడనే. ఈ పిల్లలలో కొందరికి గుండెనుండి బయలుదేరు బృహద్ధమని ఒకచోట నులిమినట్లు సన్నగిలియుండును. మరికొందరికి దాని ముఖమున మూడు రేకులుండవలసిన కవాటమునకు రెండే ఉండును. పెద్దయిన పిమ్మట ఆ ధమని ఉబ్బి, గోడ చీలు ప్రమాదము కలదు. రక్తపుపోటు హెచ్చినచో ఈ ప్రమాదము పెరుగును. కావున రోగనిర్ణయము జరిగిన దినముననే గుండెకు ఎకో పరీక్ష, తరువాత ఎం.ఆర్.ఐ., ఏటేట రక్తపుపోటు చూచుట తప్పనిసరి. పల్లె వైద్యుడు సైతము చేయదగినది ఒకటున్నది: గజ్జలలో నాడిని చేతితో తాకి చూచుట. చేతి నాడి బలముగ కొట్టుకొనుచుండగ గజ్జలలో నాడి సన్నముగ ఉన్నచో, ధమని నులిమి ఉన్నదేమోయని సందేహింపవలెను. మూత్రపిండములు రెండును అడుగున అతుకుకొని గుఱ్ఱపు లాడము ఆకారమున ఉండుట, థైరాయిడ్ మాంద్యము, వినికిడి తగ్గుట, చక్కెర వ్యాధి కూడ వీరిలో సామాన్యులకంటె హెచ్చు. ఇవి కనిపెట్టి ఉండవలసినవే గాని భయపడవలసినవి కావు.

నిర్ణయించు పరీక్షకు కారియోటైపు అని పేరు. చేతినుండి కొద్దిపాటి రక్తము తీసిన చాలును. ఆ రక్తములోని తెల్లకణములను ఒక జాతి చిక్కుడుగింజ నుండి తీసిన పదార్థముతో విభజనకు పురికొల్పి మూడు దినములు పెంచుదురు. సరిగ క్రోమోజోములు విడివిడిగ కానవచ్చు క్షణమున కాల్చిసిన్ అను విషముతో ఆ విభజనను ఆపుదురు. మన అడవులలో నిప్పుమంటవలె పూయు అగ్నిశిఖ మొక్క దుంపలోని విషమిదియే. చంపు పదార్థము పరీక్షాశాలలో ఎంత పనికి వచ్చెనో చూడుడు. పిమ్మట పలుచని ఉప్పునీటిలో కణములను ఉబ్బజేయుదురు. ఇది టి. సి. హ్సు అను శాస్త్రజ్ఞునకు ఒక పొరపాటు వలన దొరకిన ఉపాయము. ద్రవము పలుచబడియుండుట చేత క్రోమోజోములు చక్కగ విడిపోయి కానవచ్చెను. ఆ సంగతి 1952లో ప్రకటించెను. చివరకు రంగు వేసి ముప్పది కణములకు తక్కువ కాకుండ లెక్కింతురు. పది కణములు చూచి సరిపెట్టినచో మొజాయిక్ తప్పించుకొనవచ్చును. కొందరి కణములలో వై ముక్క కానవచ్చును. అట్టివారి అండాశయములలో కణితి పుట్టు ప్రమాదమున్నది గనుక వానిని తీసివేయుమని వైద్యులు సలహా యిత్తురు. పాత చెంప పరీక్ష ఇప్పుడు చాలదు.

చికిత్స రెండు పాయలు. మొదటిది ఎత్తుకు. వృద్ధి హార్మోనును ఒకప్పుడు మరణించినవారి పిట్యూటరీ గ్రంథులనుండి తీసెడివారు. దానివలన కొందరికి మెదడు వ్యాధి సోకుటచే 1985లో ఆ పద్ధతి నిలిచిపోయి, అదే ఏట సూక్ష్మజీవులచే తయారు చేయించిన హార్మోను వచ్చెను. టర్నర్ లక్షణమునకు దానిని వాడుటకు అమెరికాలో 1996లో అనుమతి లభించెను. ప్రతి రాత్రి చర్మము క్రింద సూది; నాలుగైదేండ్ల వయస్సు మొదలుకొని ఏండ్ల తరబడి. చికిత్స లేనిచో ఈ పిల్లలు తమ జాతి స్త్రీల సగటుకంటె సుమారు 20 సెంటీమీటర్లు తక్కువగ నిలిచిపోదురు. చికిత్సవలన సుమారు 7 సెంటీమీటర్లు కలియునని పరిశోధనలు చెప్పుచున్నవి, ముందుగ మొదలిడినచో మరికొంత. ఇది చవుక మందు కాదు; మాసమునకు వేల రూపాయల మాట. పైగ దీనిని 2 మొదలు 8 డిగ్రీల చలువలో ఉంచవలెను. ఎండకాలమున 40 డిగ్రీలు దాటు కర్నూలు పల్లెలో, కరెంటు పోవు వేళ, ఆ చిన్న సీసాను కాపాడుట ఒక సంసారమే. ఆ ఖర్చు భరింపలేని తల్లిదండ్రులు తాము బిడ్డకు ద్రోహము చేసితిమని అనుకొనరాదు. ఎముకల కొసలు అతుకుకొన్న తరువాత ఈ మందుతో పని లేదు. కొన్న డబ్బు వృథా.

రెండవ పాయ ఈస్ట్రోజన్, అది బీదలకును అందుబాటులోనిది, మా దృష్టిలో మొదటిదానికంటె ముఖ్యమైనది. పదునొకండు, పండ్రెండేండ్ల వయస్సున చాల చిన్న మోతాదుతో మొదలిడి, రెండు మూడేండ్లలో క్రమముగ పెంచుదురు. పిమ్మట ప్రొజెస్టెరోన్ చేర్చుదురు. తోడి పిల్లలవలెనే ఒళ్లు తిరుగును, నెలసరి వచ్చును. ఆలస్యమైనను, పదునారేండ్లకు మొదలిడినను, ఫలించును. నెలసరి వచ్చినది గదా అని మందు మానరాదు. సామాన్య స్త్రీలకు నెలసరి ఉడుగు వయస్సు, అనగా ఏబది ఏండ్ల దాపువరకు, వాడవలెను. మానినచో ఎముకలు గుల్లబారును. ఏటేట చేయవలసిన పరీక్షలను గూర్చి వివిధ దేశముల నిపుణులు 2016లో సిన్‌సినాటిలోను, 2023లో డెన్మార్కులోని ఆర్హుస్‌లోను కూడి నియమములు వ్రాసిరి. అందలి ముఖ్యాంశము ఇది: పిల్లల వైద్యుని వదలిన పిదప పెద్దల వైద్యుని పట్టుకొనవలెను. నడుమ తెగిపోయినవారికే ముప్పు హెచ్చు.

వీరి బుద్ధికి లోటు లేదు. ఈ మాట గట్టిగ చెప్పవలసియున్నది, ఏలయన పొట్టిగ ఉన్నవారిని వయస్సు వచ్చినను చిన్నపిల్లగ చూచి, బడి మాన్పించి, మేకల వెంట పంపుట మన ఎరుకలోనిదే. కొందరికి లెక్కలు, పటములు, దిక్కులు పోల్చుట కొంచెము కష్టము. మాట, చదువు, జ్ఞాపకశక్తి సాధారణముగ బాగుండును. ఉద్యోగము చేసికొని స్వతంత్రముగ బ్రదుకుటకు అడ్డేమియు లేదు. వివాహమునకును లేదు. సహజముగ గర్భము దాల్చువారు నూటికి ఇద్దరు మొదలు ఐదుగురు మాత్రమే. దాత అండముతో గర్భము ధరింపవచ్చును. మన దేశమున 2021 నాటి చట్టము దానిని క్రమబద్ధము చేసినది. అయితే గర్భభారము బృహద్ధమనికి భారము గనుక, గుండెను ముందు పరీక్షింపక ఆ పనికి పూనుకొనుట ప్రాణముతో చెలగాటము. పెంపునకు తెచ్చుకొన్న బిడ్డయు బిడ్డయే.

సంబంధము వారి సంగతి మిగిలినది. దాచి పెండ్లి చేసి, పిమ్మట గొడ్రాలని పుట్టింటికి పంపబడిన ఆడపిల్లలను మేమెరుగుదుము. వారిలో ఎందరికి ఈ లక్షణముండెనో ఎవరును చూడలేదు. పరీక్ష ముందు, పెండ్లిమాట తరువాత. అంతకుముందు, ఆ పిల్లకే చెప్పవలెను. వైద్యుడు తల్లిదండ్రులను లోపలికి పిలిచి, పిల్లను బయట బల్లమీద కూర్చుండబెట్టుట మన ఆచారము. తన ఒంటి సంగతి తలుపు వెనుకనుండి వినిన పిల్ల దానికి తానే ఒక భయంకరమైన అర్థమును కల్పించుకొనును. వయస్సునకు తగిన మాటలలో, కొంచెము కొంచెముగ, నిజమే చెప్పవలెను.

ఆ తల్లికి ప్రత్యుత్తరము వ్రాసితిమి. కర్నూలు సర్వజన ఆసుపత్రికి పిల్లను తీసికొనిపోయి, బడిలో వ్రాసియుంచిన ఎత్తుల కాగితమును వెంట ఉంచుకొనుమంటిమి. ఆమె కడపకు దగ్గరలో ఉండినచో 2006లో స్థాపితమైన అక్కడి రిమ్స్ పేరు చెప్పియుందుము. థైరాయిడ్ పరీక్షయు, కడుపు స్కానింగును అయిన పిమ్మట క్రోమోజోముల పరీక్ష అవసరమా అని వైద్యుని ఆమెయే నోరు తెరచి అడుగవచ్చును. అడుగుట అవిధేయత కాదు. రక్తమును మరియొక నగరమునకు పంపవలసి వచ్చినచో హైదరాబాదు బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆసుపత్రి కలవు. అదే నగరమున నిమ్స్ ఆసుపత్రిలో జన్యువైద్య విభాగము, డి.ఎన్.ఏ. పరీక్షల కేంద్రమైన సి.డి.ఎఫ్.డి. కలవు. కణములను పెంచి లెక్కింపవలెను గనుక ఫలితమునకు రెండు మూడు వారములు పట్టును. గజ్జలలో నాడి చూడుమని వైద్యునకు గుర్తు చేయుమంటిమి. ఆ జాబులో రెండు కాగితములుంచితిమి. రెండవ కాగితమును ఆ పిల్ల పేరనే వ్రాసితిమి.